ఆటోకంప్లీట్ ఎంపికల వడపోత

ఆటోకంప్లీట్ ఎంపికల వడపోత అనగా వెబ్ ఫారములోని ఒక గడిలో వాడుకరి కొన్ని అక్షరాలు టైపు చేయగానే, ఆ అక్షరాలకు మరియు ఫారములో అప్పటికే నింపిన ఇతర వివరాలకు సరిపోయే పేర్లను మాత్రమే ఒక పెద్ద జాబితా నుండి ఎంచి చూపించే పద్ధతి. ఆటోకంప్లీట్‌ను తెలుగులో స్వయంపూరణ అని కూడా వ్యవహరిస్తారు. జిల్లా, మండలము, గ్రామము, కళాశాల, బ్యాంకు శాఖ వంటి పేర్లను నింపవలసిన దరఖాస్తులలో దీని వాడకము ఎక్కువ.

ఈ వడపోతలో రెండు రకాల పొరపాట్లు జరుగవచ్చును. అక్కరలేని పేరును చూపించుట మొదటిది, కావలసిన పేరును దాచివేయుట రెండవది. మొదటిది కంటికి కనబడుతుంది కనుక వాడుకరి దానిని వదిలి వేరొకటి ఎంచుకొనగలడు. రెండవది కనబడదు. జాబితాలో తన ఊరి పేరు లేని వ్యక్తి దరఖాస్తును పూర్తి చేయలేడు, లేదా పక్క ఊరి పేరుతో పూర్తి చేస్తాడు. కావున వడపోతను రూపొందించుటలో రెండవ పొరపాటును నివారించుట ముఖ్యమైన పని. 2016 తరువాత తెలంగాణలో జిల్లాలు, మండలాలు మారిన తీరు, ముఖ్యముగా పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలోని ప్రదేశాల పేర్లు ఈ సమస్యలకు చక్కని ఉదాహరణలు.

చరిత్ర

కొద్ది అక్షరాల నుండి మిగిలిన పదాన్ని పూర్తి చేసే సౌకర్యము వెబ్ కంటే పాతది. పదాలను అక్షరాల వరుసలో చెట్టు కొమ్మల వలె అమర్చి వెదకే నిర్మాణాన్ని 1959లో రెనె ద లా బ్రియాండె వివరించాడు. 1960లో ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ దానికి 'ట్రై' అని పేరు పెట్టాడు. 1970వ దశకములో పీడీపీ-10 కంప్యూటర్లపై నడిచిన టెనెక్స్ ఆపరేటింగ్ సిస్టములో ఆదేశాల పేర్లను పూర్తి చేసే సదుపాయము ఉండేది.

వెబ్ పేజీలలో ఇది సాధ్యము కావడానికి, పేజీ మొత్తాన్ని మళ్ళీ తెరవకుండా సర్వరు నుండి కొద్దిపాటి సమాచారాన్ని తెప్పించుకొనే వీలు కావలసివచ్చింది. 1999లో విడుదలైన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 ఆ వీలు కల్పించింది. 2004 డిసెంబరులో గూగుల్ సంస్థలో కెవిన్ గిబ్స్ రూపొందించిన గూగుల్ సజెస్ట్ వలన ఈ పద్ధతి సామాన్య వాడుకరులకు పరిచయమైనది. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ తరహా సాంకేతికతకు అజాక్స్ అని పేరు పెట్టాడు. 2010లో జేక్వెరీ యూఐ 1.8లో తయారుగా ఉన్న ఆటోకంప్లీట్ భాగము చేరింది. 2014 అక్టోబరు 28న ప్రమాణముగా వెలువడిన హెచ్‌టీఎంఎల్ 5లో 'డేటాలిస్ట్' అనే మూలకము ఉన్నది. దీనిని వాడినపుడు పేర్లను ఏ విధముగా పోల్చవలెనో బ్రౌజరే నిర్ణయిస్తుంది.

వాడుకరి గతములో నింపిన చిరునామాను, ఫోను నంబరును బ్రౌజరు గుర్తుంచుకొని తిరిగి చూపించడము వేరే సదుపాయము. ఈ వ్యాసములో చెప్పబడిన వడపోత, ఫారము తయారు చేసినవారు ఇచ్చిన జాబితాకు సంబంధించినది.

వడపోతలోని రకాలు

ఎంపికలను ముఖ్యముగా రెండు విధాలుగా వడపోస్తారు.

అక్షరాలను బట్టి వడపోత: వాడుకరి టైపు చేసిన అక్షరాలతో పోల్చి చూడడము. 'జన' అని టైపు చేయగానే జనగామ కనబడుట దీనికి ఉదాహరణ.

సందర్భాన్ని బట్టి వడపోత: ముందు గడిలో ఎంచుకొన్నదానిని బట్టి తరువాతి గడిలోని జాబితాను కుదించడము. జిల్లా గడిలో జనగామ ఎంచుకొంటే మండలము గడిలో బచ్చన్నపేట, దేవరుప్పుల, నర్మెట్ట, కొడకండ్ల వంటి ఆ జిల్లా మండలాలు మాత్రమే వస్తాయి. మండలము ఎంచుకొన్న తరువాత ఆ మండలములోని గ్రామాలు మాత్రమే వస్తాయి.

తెలంగాణ భూమి రికార్డుల కొరకు 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టలులో జిల్లా, మండలము, గ్రామము అనే వరుసలోనే వివరాలు ఎంచుకోవలసి ఉండేది. దాని స్థానములో 2025 ఏప్రిల్ 14న భూభారతి ప్రారంభమైనది. ఇటువంటి గొలుసు జాబితాలలో మొదటి గడిలో జరిగిన పొరపాటు చివరి గడి వరకు కొనసాగుతుంది. జిల్లాను తప్పుగా ఎంచుకొన్నవారికి తమ గ్రామము ఎంత వెదకినా దొరకదు.

జిల్లాల పునర్వ్యవస్థీకరణ ప్రభావము

2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలను 31 జిల్లాలుగా పునర్వ్యవస్థీకరించారు. పూర్వపు వరంగల్ జిల్లా స్థానములో వరంగల్ పట్టణ, వరంగల్ గ్రామీణ, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. అయితే కొత్త జిల్లాలు పాత జిల్లాను ముక్కలు చేయగా వచ్చినవి మాత్రమే కావు. ఖమ్మం జిల్లాలోని గార్ల, బయ్యారం మండలాలు మహబూబాబాద్‌లో చేరినవి. కరీంనగర్ జిల్లాలోని మహదేవపూర్, కాటారం తదితర మండలాలు భూపాలపల్లిలో చేరినవి. చిల్పూర్, తరిగొప్పుల, పెద్దవంగర, దంతాలపల్లి, గంగారం వంటి మండలాలు కొత్తగా ఏర్పడినవి.

ఆ తరువాత కూడా మార్పులు జరిగినవి. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి జిల్లా నుండి ములుగు జిల్లాను వేరు చేశారు. అదే రోజు నారాయణపేట జిల్లా కూడా ఏర్పడుటతో రాష్ట్రములోని జిల్లాల సంఖ్య 33కు చేరినది. 2021 ఆగస్టులో వరంగల్ పట్టణ జిల్లాకు హనుమకొండ అని, వరంగల్ గ్రామీణ జిల్లాకు వరంగల్ అని పేర్లు మార్చారు.

సమ్మక్క సారలమ్మ జాతర జరిగే మేడారం గ్రామము దీనికి మంచి ఉదాహరణ. ఈ గ్రామము 2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లాలో, అక్కడ నుండి 2019 ఫిబ్రవరి వరకు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో, ఆ తరువాత ములుగు జిల్లాలో ఉన్నది. గ్రామము కదలలేదు, కాని మూడు జాబితాలలో చేరినది. 2017 నాటి జాబితాను నేటికీ వాడుతున్న ఫారములో ములుగు జిల్లా ఎంపికే ఉండదు. కొత్త జాబితాను వాడే ఫారములో, పాత ధ్రువపత్రములో ఉన్నట్లుగా భూపాలపల్లిని ఎంచుకొన్నవారికి మేడారం కనబడదు.

పేర్లను పోల్చే పద్ధతులు

అతి సులువైన పద్ధతి పేరులోని మొదటి అక్షరాలతో పోల్చడము. దీనికి తక్కువ సమయము పడుతుంది, కాని లోపాలు ఉన్నవి. భూపాలపల్లి జిల్లా అధికారిక నామము ఆచార్య కొత్తపల్లి జయశంకర్ పేరుతో మొదలవుతుంది. 'భూ' అని టైపు చేసినవారికి మొదటి అక్షరాల పద్ధతిలో ఆ జిల్లా దొరకదు. భద్రాద్రి కొత్తగూడెం, యాదాద్రి భువనగిరి, రాజన్న సిరిసిల్ల, జోగులాంబ గద్వాల జిల్లాలదీ ఇదే పరిస్థితి. అందువలన పేరులోని ప్రతి పదము యొక్క మొదటి అక్షరాలతో పోల్చుట మేలు.

ఘన్‌పూర్ అనే పేరు ఈ విషయాన్ని మరింత స్పష్టము చేస్తుంది. జనగామ జిల్లాలోనే రెండు ఘన్‌పూర్ మండలాలు ఉన్నవి. ఒకటి లింగాల ఘన్‌పూర్, రెండవది స్టేషన్ ఘన్‌పూర్. రెండవదానిని రికార్డులలో 'ఘన్‌పూర్ (స్టేషన్)' అని వ్రాయడము కలదు. ప్రజలు మాత్రము స్టేషన్ ఘన్‌పూర్ అనే పిలుస్తారు. భూపాలపల్లి జిల్లాలో 'ఘన్‌పూర్ (ములుగు)' అనే మండలము ఉన్నది. కాకతీయుల కాలపు కోటగుళ్ళు ఉన్న ఈ ఊరిని గణపురం అని కూడా అంటారు. పేరులో ములుగు ఉన్నప్పటికీ ఈ మండలము ములుగు జిల్లాలో లేదు. పదాల వరుస ఎట్లున్నా, కుండలీకరణములో ఉన్నా లేకపోయినా, పేరులోని అన్ని పదాలతో పోల్చి చూచే వడపోత మాత్రమే ఇక్కడ సరిగా పనిచేస్తుంది.

మారుపేర్ల జాబితా కూడా అవసరము. మహబూబాబాద్‌ను స్థానికులు మానుకోట అంటారు. ఈ రెండు పేర్లకు అక్షరాలలో ఎటువంటి పోలికా లేదు. కనుక ఎంత తెలివైన అక్షర పోలికైనా ఒకదాని నుండి మరొకదానిని కనుగొనలేదు. మానుకోట అనే పేరును మహబూబాబాద్‌కు మారుపేరుగా ముందే నమోదు చేసి ఉంచవలెను. జనగామ, జనగాం అనే రెండు రూపాలను కూడా ఇట్లే కలుపవచ్చును.

అక్షరదోషాలను సహించే పద్ధతి మరొకటి. ఒక పదాన్ని మరొక పదముగా మార్చడానికి ఎన్ని అక్షరాలను చేర్చవలెనో, తీసివేయవలెనో, మార్చవలెనో లెక్కించే కొలతను 1965లో వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ ప్రతిపాదించాడు. 'మహబుబాబాద్' అని హ్రస్వముతో వ్రాసినా ఈ కొలత ప్రకారము తేడా ఒకటే కనుక సరైన పేరు దొరుకుతుంది. కాని ఈ సహనానికి హద్దు ఉండవలెను. ములుగు జిల్లాలో వెంకటాపూర్, వెంకటాపురం అనే రెండు వేర్వేరు మండలాలు ఉన్నవి. రామప్ప దేవాలయము మొదటి మండలములో ఉన్నది. రెండవది పూర్వము ఖమ్మం జిల్లాకు చెందినది. ఈ రెండు పేర్ల మధ్య తేడా కేవలము రెండు గుర్తులు. రెండు తేడాలను సహించే వడపోత ఈ రెండింటినీ ఒకే పేరుగా భావించే ప్రమాదమున్నది. కనుక దగ్గరి పోలిక గల పేర్లను వాడుకరికి చూపవచ్చును గాని, వాడుకరి తరఫున కంప్యూటరే ఒకదానిని ఎంచకూడదు.

తెలుగు లిపికి సంబంధించిన సమస్యలు

ఆంగ్లము కొరకు తయారైన వడపోత తెలుగు పేర్లకు అట్లే సరిపోదు. యూనికోడ్‌లో తెలుగు అక్షరము ఒకటి కంటే ఎక్కువ సంకేతాలతో ఏర్పడవచ్చును. 'భూపాలపల్లి' అనే పేరులో చూడడానికి అయిదు అక్షరాలు ఉండగా, యూనికోడ్ సంకేతాలు పది ఉన్నవి. 'స్త్రీ' అనే ఒకే అక్షరములో ఆరు సంకేతాలు ఉన్నవి. కనీసము మూడు అక్షరాలు టైపు చేసిన తరువాతనే జాబితా చూపవలెనని నియమము పెట్టినపుడు, ఆ మూడు సంకేతాలా లేక అక్షరాలా అన్నది ముందుగా నిర్ణయించుకోవలెను. గార్ల వంటి రెండక్షరాల పేర్లు ఉన్నచోట మూడు అక్షరాల నియమమే సరికాదు.

రెండవ సమస్య కనిపించని గుర్తు. ఘన్‌పూర్ అనే పేరులో 'న్' తరువాత 'పూ' ఒత్తుగా మారకుండా విడిగా నిలువడానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు వాడతారు. ఇది తెరపై కనబడదు, కాని కంప్యూటరు దానిని కూడా ఒక సంకేతముగానే లెక్కిస్తుంది. జాబితాలో ఈ గుర్తు ఉండి, వాడుకరి దానిని టైపు చేయకపోతే రెండు పేర్లు వేర్వేరు అవుతాయి, ఫలితము శూన్యము. పోల్చడానికి ముందు రెండు వైపులా ఈ గుర్తును తొలగించుట దీనికి పరిష్కారము. చూపించేటపుడు మాత్రము పేరును యథాతథముగా చూపవలెను.

మూడవది పొల్లు సమస్య. ఆంగ్ల అక్షరాల ద్వారా తెలుగు టైపు చేసే పద్ధతులలో అచ్చు కొట్టే వరకు హల్లు పొల్లుతోనే ఉంటుంది. జనగామ అని టైపు చేయబోయేవారి గడిలో ఒక దశలో 'జన్' అని ఉంటుంది. 'జన్' అనే వరుసతో జనగామ మొదలుకాదు కనుక అప్పటి వరకు కనబడిన జాబితా ఖాళీ అవుతుంది, తరువాతి అచ్చు కొట్టగానే మళ్ళీ వస్తుంది. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో హల్లుతో పాటు అకారము దానంతటదే ఉండుటచే ఈ సమస్య రాదు. చివరనున్న పొల్లును లెక్కలోకి తీసుకోకుండా పోల్చితే రెండు పద్ధతులవారికీ ఇబ్బంది ఉండదు. పాలకుర్తి కొరకు 'పాలకుర్' వరకు టైపు చేసినవారికి కూడా దీనివలన నష్టము లేదు.

వీటికి తోడు చాలామంది వాడుకరులు ఊరి పేర్లను ఆంగ్ల లిపిలో వ్రాస్తారు. తొర్రూరు పేరును టి అక్షరముతో గాని, టి మరియు హెచ్ అక్షరాలతో గాని మొదలుపెట్టి వ్రాస్తారు. ఒకే ధ్వనికి గల ఇటువంటి రూపాలను ఒకటిగా చేసి పోల్చవలెను. ధ్వనిని బట్టి పేర్లను పోల్చే సౌండెక్స్ అనే పద్ధతికి 1918లోనే రాబర్ట్ రస్సెల్‌కు పేటెంటు లభించినది. అయితే అది ఆంగ్ల ఉచ్చారణను దృష్టిలో ఉంచుకొని చేసినది కనుక తెలుగు పేర్లకు తగిన మార్పులు అవసరమవుతాయి.

ఒకే పేరు గల ప్రదేశాలు

పాలకుర్తి అనే మండలము జనగామ జిల్లాలో ఉన్నది, పెద్దపల్లి జిల్లాలోనూ ఉన్నది. చిట్యాల మండలాలు భూపాలపల్లి, నల్గొండ జిల్లాలలో ఉన్నవి. తాడ్వాయి ములుగు, కామారెడ్డి జిల్లాలలో ఉన్నది. పూర్వపు నల్గొండ జిల్లాలోని గుండాల మండలాన్ని 2016లో జనగామ జిల్లాలో చేర్చారు, తరువాత అది యాదాద్రి భువనగిరి జిల్లాకు మారినది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మరొక గుండాల మండలము ఉన్నది.

ఇటువంటి చోట జాబితాలో పేరు ఒక్కటే చూపితే రెండు వరుసలు ఒకేలా కనబడతాయి. ప్రతి పేరు పక్కన జిల్లా పేరును కూడా చూపవలెను. జిల్లాను బట్టి వడపోసే ఫారములో మరొక జాగ్రత్త అవసరము. వాడుకరి జనగామ జిల్లా, పాలకుర్తి మండలము ఎంచుకొని, తరువాత జిల్లాను పెద్దపల్లిగా మార్చినాడనుకొందాము. మండలము గడిలో పాలకుర్తి అనే మాట అట్లే మిగిలి ఉంటే చూడడానికి అంతా సరిగానే ఉంటుంది, కాని దాని వెనుకనున్న కోడు జనగామ జిల్లాకు చెందినది. పై గడి మారినపుడు కింది గడులన్నింటినీ ఖాళీ చేయుట దీనికి నివారణ.

పేరు మరియు కోడు

జాబితాలో కనబడేది పేరు, డేటాబేసులో భద్రపరచవలసినది కోడు. ప్రదేశాల పేర్లు మారతాయి. ఒకే పేరు వేర్వేరు కాలాలలో వేర్వేరు ప్రాంతాలను కూడా సూచించవచ్చును. 'వరంగల్ జిల్లా' అనే మాట 2015లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు కూడా ఉన్న పెద్ద జిల్లాను సూచించేది. 2021 ఆగస్టు తరువాత అదే మాట అంతకు ముందు వరంగల్ గ్రామీణ అని పిలువబడిన జిల్లాను సూచిస్తున్నది. పేరును మాత్రమే భద్రపరచిన రికార్డులలో ఈ రెండింటినీ వేరు చేయుట కష్టము.

2011 జనాభా లెక్కలలో పూర్వపు వరంగల్ జిల్లాకు 540 అనే కోడు ఉన్నది, గ్రామాలకు ఆరంకెల కోడులు ఉన్నవి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలో జిల్లాలకు, మండలాలకు, గ్రామాలకు విడివిడిగా కోడులు ఉన్నవి. ప్రతి కోడుతో పాటు అది ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు చెల్లుబాటు అయినదో కూడా నమోదు చేస్తే, కొత్త దరఖాస్తులకు నేటి జాబితాను, పాత రికార్డులను సరిచూచుటకు నాటి జాబితాను చూపవచ్చును. నేటి పేర్లను మాత్రమే అనుమతించే వడపోత పాత రికార్డును తెరచినపుడు జిల్లా గడిని ఖాళీగా చూపుతుంది. దానిని గమనించక భద్రపరచితే అంతకు ముందున్న సమాచారము పోతుంది.

పిన్ కోడు ద్వారా వడపోత

1972 ఆగస్టు 15న ప్రారంభమైన పిన్ కోడు విధానములో మొదటి మూడు అంకెలు తపాలా శాఖ యొక్క సార్టింగ్ జిల్లాను సూచిస్తాయి. జనగామ (506167), మహబూబాబాద్ (506101), భూపాలపల్లి (506169) పట్టణాల కోడులు 506తో మొదలవుతాయి. దీనిని బట్టి ఈ మూడు జిల్లాలవారి పిన్ కోడు 506తోనే మొదలుకావలెనని నియమము పెట్టుట పొరపాటు. మహబూబాబాద్ జిల్లాలోని గార్ల పిన్ కోడు ఖమ్మం వలె 507తోను, భూపాలపల్లి జిల్లాలోని కాటారం, మహదేవపూర్‌ల పిన్ కోడులు కరీంనగర్ వలె 505తోను మొదలవుతాయి. తపాలా శాఖ హద్దులు, రెవెన్యూ హద్దులు ఒకటి కావు. పిన్ కోడును బట్టి దగ్గరి ఊర్లను జాబితాలో పైకి తేవచ్చును గాని, మిగిలిన ఊర్లను తొలగించరాదు.

సర్వరు వద్ద తనిఖీ

చిన్న జాబితాలను బ్రౌజరులోనే వడపోయవచ్చును. 33 జిల్లాల పేర్లను ఒకేసారి పంపుట భారము కాదు. రాష్ట్రములోని గ్రామాలన్నింటినీ పంపుట నెమ్మదైన నెట్ కనెక్షన్ గలవారికి ఇబ్బంది కనుక వాటిని సర్వరు వద్ద వడపోసి కొన్నింటినే పంపుతారు. ప్రతి మీటకు ఒక అభ్యర్థన వెళ్ళకుండా, టైపు చేయుట ఆగిన కొద్దిసేపటికి మాత్రమే పంపుట ఆనవాయితీ. జేక్వెరీ యూఐలో ఈ వ్యవధి సాధారణముగా 300 మిల్లీసెకన్లు. ముందు పంపిన అభ్యర్థనకు జవాబు ఆలస్యముగా వచ్చి కొత్త జాబితాను చెరిపివేయకుండా కూడా చూడవలెను.

వడపోత వాడుకరికి సహాయము మాత్రమే, రక్షణ కాదు. జాబితాలో లేని కోడును నేరుగా సర్వరుకు పంపుట సాధ్యమే. కనుక ఎంచుకొన్న గ్రామము ఆ మండలములో, ఆ మండలము ఆ జిల్లాలో ఉన్నదా లేదా అని సర్వరు మళ్ళీ తనిఖీ చేయవలెను.

తెరను చూడలేనివారు వాడే స్క్రీన్ రీడర్లకు ఎన్ని ఎంపికలు ఉన్నవో, ప్రస్తుతము ఏ వరుసపై ఉన్నారో తెలియజేసే నియమాలు 2014 మార్చిలో వెలువడిన వెయ్-ఏరియా 1.0 ప్రమాణములో ఉన్నవి.

పాటించదగిన సూత్రాలు

* పేరులోని మొదటి పదముతోనే గాక అన్ని పదాలతోను పోల్చవలెను.
* మానుకోట, గణపురం వంటి వాడుక పేర్లను మారుపేర్లుగా చేర్చవలెను.
* కనిపించని గుర్తులను, చివరి పొల్లును పోలికలో వదిలివేయవలెను.
* ఒకే పేరు గల ప్రదేశాల పక్కన జిల్లా పేరును చూపవలెను.
* పై గడి మారినపుడు కింది గడులను ఖాళీ చేయవలెను.
* పేరుతో పాటు కోడును, దాని చెల్లుబాటు తేదీలను భద్రపరచవలెను.
* ఏ పేరూ సరిపోనపుడు ఖాళీ జాబితా చూపి ఊరుకోక, జిల్లా వడపోతను తొలగించి రాష్ట్రమంతటా వెదకే వీలును, అప్పటికీ దొరకనిచో పేరును స్వయముగా వ్రాసే వీలును ఇవ్వవలెను.

చివరి సూత్రము లేనిచో మిగిలినవన్నీ పాటించినా, జాబితాలో చేరని ఊరివారికి ఆ ఫారము మూసిన తలుపే అవుతుంది.

ఇవి కూడా చూడండి

* యూనికోడ్
* తెలుగు లిపి
* తెలంగాణ జిల్లాలు
* జనగామ జిల్లా
* మహబూబాబాద్ జిల్లా
* జయశంకర్ భూపాలపల్లి జిల్లా
* పిన్ కోడ్